మిరప సాళ్లలో తిరిగొచ్చిన మాటలు

బట్టీ దగ్గర నేను ఫెయిలైన రోజు

మిర్యాలగూడ దగ్గర ఒక ఇటుక బట్టీలో నాలుగేళ్ల పిల్లవాడు నన్ను ఫెయిలు చేశాడు.

అంగన్‌వాడీ సూపర్‌వైజరుగా నాకప్పుడు ఐదో ఏడు. ఒడిశా నుంచి కుటుంబాలు చలికాలం మొదట్లో వచ్చి, వానలు పడేదాకా బట్టీల మీదే ఉండేవి. ఆ పిల్లల ఎదుగుదల చూద్దామని బొమ్మల అట్టలు పట్టుకుని వెళ్లాను. కుక్క బొమ్మ చూపించి "ఇదేంది?" అన్నాను. పలకలేదు. ఆవు చూపించాను. పలకలేదు. అరటిపండు చూపిస్తే అట్ట లాక్కుని వెనక్కి తిప్పి చూశాడు, పండు అటువైపు ఉందేమోనని. నాలుగు వేళ్లు చూపించి "ఎన్ని?" అంటే నవ్వాడు. నేను నోటుబుక్కులో "వయసుకు తగిన మాటలు లేవు, లెక్క రాదు" అని రాసుకున్నాను.

రాస్తుండగానే వాడు అటు తిరిగాడు. వాళ్లమ్మ ఆరబెట్టిన పచ్చి ఇటుకల వరస పక్కన నడుస్తూ, ఒక్కొక్క దాన్ని వేలితో చూపిస్తూ "ఏకొ, దుయి, తిని, చారి" అంటూ వరస చివరిదాకా పోయాడు. మధ్యలో ఒక ఇటుక విరిగి ఉంటే దాన్ని లెక్కలోంచి తీసేసి మరీ ముందుకు పోయాడు. వాళ్లమ్మ పకపకా నవ్వింది. నేను ఆ కాగితం చింపేశాను.

నాకు ఒడియా రాదు. కాబట్టి వాడికి తెలివి లేదని రాశాను. రుజువు లేకుండా ఒక మాట నమ్మి, దాని మీద ఇంకొకరి బతుకు నిర్ణయించడాన్నే మూఢనమ్మకం అంటాం కదా. ఆ రోజు నేను చేసింది సరిగ్గా అదే. తాయెత్తు బదులు చేతిలో బొమ్మల అట్టలున్నాయి, అంతే తేడా.

నేను రిటైరై రెండేళ్లయింది. సూర్యాపేటలో మా ఇంటి వరండాలో కూర్చుని ఇది రాస్తున్నాను, ఈ ఉద్యోగంలో కొత్తగా చేరే అమ్మాయిల కోసం. బదిలీల గురించీ నెలవారీ రిపోర్టుల గురించీ చెప్పను, అవి మీకు ఎవరైనా నేర్పుతారు. పని కోసం ఏడాదికొకసారి ఊరు మారే తల్లిదండ్రుల పిల్లల గురించి చెబుతాను. ఆ పిల్లల విషయంలో నేను చేసిన తప్పుల్లో పెద్దది ఒకటి ఉంది. విచిత్రం ఏమిటంటే, నా ఉద్యోగంలో నేను ఎక్కువ నవ్వింది కూడా ఆ తప్పు దిద్దుకునేటప్పుడే.

పెద్దమేడం అడిగిన ప్రశ్న

ముందు నా రోగం ఏమిటో చెప్పాలి. నా రోగం వాదన.

మా నాన్న బడిపంతులు. అన్నం వడ్డిస్తే "ఉప్పు సరిపోయింది" అని అమ్మ అంటే, "రుజువు?" అని అడిగే మనిషి. మా ఇంట్లో ఆదివారాలు చర్చలు జరిగేవి. జాతకాల మీద, కులం మీద, ముహూర్తాల మీద పదేళ్ల వయసు నుంచే నన్ను నిలబెట్టి మాట్లాడించేవాడు. అవతలి వాళ్లు నోరు మూసుకునేదాకా వదలకూడదని నాకు అక్కడే అలవాటైంది. నా పెళ్లికి ముహూర్తం లేదు. పెట్టబోయిన బంధువులకు జవాబూ లేదు.

ఆ అలవాటుతోనే ఉద్యోగంలోకి వచ్చాను. ముర్రుపాలు బిడ్డకు పడవని పిండి పారబోసే అత్తలతో, విరేచనాలైతే నీళ్లు మాన్పించే తాతలతో ఊరూరా వాదించాను. ఆ పనికి నేను ఇప్పటికీ సిగ్గుపడను. నిప్పును నిప్పు అనాల్సిందే. పసిబిడ్డ ప్రాణం మీదికి వచ్చే ఆచారాన్ని "వాళ్ల నమ్మకం కదా" అని వదిలేసే సూపర్‌వైజరు జీతం తీసుకోకూడదు.

మా ప్రాజెక్టు అధికారిని అందరం పెద్దమేడం అనేవాళ్లం. సూర్యాపేట ఆఫీసులో ఆమె గది ముందు నిలబడి ఒకరోజు నేను ఒక గెలుపు గురించి గొప్పగా చెబుతున్నాను. ఒక ముసలాయన ఎలా నీళ్లు నమిలాడో అభినయించి చూపించాను. ఆమె ఫైలు మీంచి తల ఎత్తకుండా అంది:

"నువ్వు గెలుస్తవ్, నాకు ఎరుకే. గెలిచి నువ్వు బస్సెక్కినంక ఆ ఇంట్ల ఏం జరిగిందో ఎన్నడన్న పోయి సూసినవా?"

"ఒప్పుకున్నాడు కదా మేడం."

"ఊకున్నడు. ఒప్పుకున్నడో లేదో నీకేం ఎరుక?"

అప్పుడు ఆ మాట నాకు నచ్చలేదు. ఆమెకు వాదించడం రాదు కాబట్టి అలా అంటోందనుకున్నాను. మునగాల వైపు సెక్టారు ఇచ్చి పంపేటప్పుడు కూడా ఆమె అదే అంది: "జర సూసి మాట్లాడు."

నేను గెలిచిన సభ

మునగాల నుంచి హైవే దిగి కిలోమీటరు పోతే ఒక ఊరు. పేరు అక్కర్లేదు. వరి కోతలయ్యాక ఆ ఊళ్లో కూలీలకు పని ఉండదు. కొత్త సంవత్సరం రాగానే ఖమ్మం వైపు మిరప చేలకు పోతారు, ఎండలు ముదిరాక తిరిగొస్తారు. పదిహేను మంది ఆడవాళ్ల ముఠా ఒకటి ఉండేది. మేస్త్రి సైదమ్మ. గొంతు విప్పితే నాలుగు చేల అవతలికి వినిపిస్తుంది.

క్రిస్మస్‌కు ముందు అంగన్‌వాడీలో తల్లుల మీటింగు పెట్టాను. విషయం: పిల్లలను మిరప చేలకు తీసుకుపోవద్దు. నా దగ్గర కారణాలు బలంగా ఉన్నాయి. చేలో ఘాటు, కళ్ల మంటలు, దగ్గు. ప్లాస్టిక్ పట్టా కప్పిన గుడిసెల్లో చలి. టీకా తప్పుతుంది, గుడ్డు తప్పుతుంది, బాలామృతం తప్పుతుంది. నిరుడు చేలకు పోయిన పిల్లల్లో ఎవరెవరు చిక్కి వచ్చారో చార్టు తెరిచి గీతలు చూపించాను. వీటిలో ఒక్కటీ అబద్ధం కాదు.

సునీత అనే అమ్మాయి లేచింది. ముఠాలో వేగంగా ఏరే చేతుల్లో ఆమెవి మొదటివి. ఒళ్లో రెండున్నరేళ్ల కూతురు, కెజియ. ఆ పిల్ల అప్పటికే అమ్మ, నాయిన, బువ్వ, కోడి, దా, పో అంటూ వంద మాటలదాకా పలికేది.

"మేడం, నా బిడ్డ నా ఎంబడి ఉంటే నాకు ధైర్నం. పాలు కూడ మానలే ఇంక."

"ధైర్యం నీకా, పిల్లకా?" అన్నాను.

అందరూ నవ్వారు. సునీత ముఖం ఎర్రబడింది.

"ఇడిచి పోతే ఎవరు సూస్తరు మేడం?"

"మీ అత్తమ్మ లేదా? అదుగో కూర్చుంది. ఏమ్మా ఎలీశమ్మా, నీ మనవరాలిని మూడు నెలలు చూసుకోలేవా?"

వెనక గోడకు ఆనుకుని కూర్చున్న ఎలీశమ్మ నవ్వి, నిదానంగా తల ఊపింది. మీటింగు మొదటి నుంచీ ఆమె నా ప్రతి మాటకూ తల ఊపుతూనే ఉంది. ఆ ఊళ్లో నాకు దొరికిన మొదటి హేతువాది అనుకున్నాను.

"చూశావా? మీ అత్తమ్మే ఒప్పుకుంది."

"కాదు మేడం, అత్తమ్మకు జర..."

"ఇంకా 'కాదు' ఏంటి? కారణం ఉంటే చెప్పు. లేకపోతే కూర్చో."

సునీత కూర్చుంది. కొత్త సంవత్సరం ప్రార్థన అయిన మూడో రోజు పిల్లను నాయనమ్మ దగ్గర వదిలి భర్తతో పాటు బండెక్కింది. ఆమెతో పాటు ఇంకో రెండు కుటుంబాలూ పిల్లలను వదిలిపోయాయి. నేను ఆ రాత్రి మా ఆయనకు మీటింగు మొత్తం చెప్పి, "ధైర్యం నీకా, పిల్లకా" దగ్గర రెండుసార్లు ఆగాను.

పైకి పోయిన గీత

ఫిబ్రవరి చివరికి కెజియ బరువు పెరిగింది. చార్టు మీద చుక్క పైకి పోయింది. నేను ఆ చార్టును అంగన్‌వాడీ టీచరు విజయ ముందు పరిచి, "చూడు" అన్నాను.

విజయ తక్కువ మాట్లాడే మనిషి. గోరుతో బల్ల మీద గీస్తూ అంది, "పిల్ల మాట్లాడ్తలేదు మేడం."

"ఎవరు?"

"కెజియ. మునుపు కోడి కనబడితె కోడి కోడి అని ఉరికేది. ఇప్పుడు కోడి ముంగట నుంచి పోయినా సూస్తది గంతే."

"బరువు పెరిగిందిగా."

"పెరిగింది మేడం. మాటలే పోయినయ్."

ఇక్కడ ఆగి ఒక మాట. కింద పనిచేసే టీచరు నసుగుతూ ఏదైనా చెబితే చార్టు పక్కన పెట్టి వినండి. ఆమె పిల్లను రోజూ చూస్తుంది, మనం నెలకోసారి చూస్తాం. నేను ఆ రోజు వినలేదు. "ఈ వయసులో కొందరికి ఆలస్యమవుతుంది" అన్నాను. రాని మాటలు వేరు, వచ్చి పోయిన మాటలు వేరు. వచ్చిన మాటలు పోతే పరుగెత్తాలి. అది నాకు తెలుసు, శిక్షణలో చెప్పారు, పరీక్షలో రాశాను కూడా. పైకి పోయిన గీత కళ్లకు అడ్డమొచ్చింది.

వారం తర్వాత మనసు ఒప్పక నేనే ఆ ఇంటికి పోయాను.

ఎలీశమ్మ గడపలో కూర్చుని సానరాయి మీద వస కొమ్ము అరగదీస్తోంది. మనవైపు చాలామందికి తెలిసిందే: మాటలు తొందరగా రావాలని వస అరగదీసి పిల్లల నాలుకకు రాస్తారు. ఆగకుండా మాట్లాడే పిల్లను వసపిట్ట అనేది అందుకే. అది చూడగానే నాలో మా నాన్న లేచి నిలబడ్డాడు.

"అవ్వా, వస రాస్తే మాటలు రావు."

"ఆఁ?"

"వస రాస్తే మాటలు రావంటున్నా!"

"వచ్చినవా బిడ్డా. కూసో, చాయ్ తాగుతవా?"

"చాయ్ వద్దవ్వా. నేను చెప్పేది విను. నాలుక మీద వేరు రాస్తే..."

"పేరా? ఎలీశమ్మ. అప్పుడే మరిసినవా?"

ఇంకా గట్టిగా అరిచాను. ఆమె ఇంకా ప్రేమగా నవ్వి, నిదానంగా తల ఊపింది. మీటింగులో ఊపినట్టే. మూడోసారి అరవబోయి నేనే ఊరుకున్నాను. ఏం లాభం అనిపించింది. చాప మీద కూర్చున్నాను.

అప్పుడు కెజియను చూశాను. పిల్ల నాయనమ్మ కొంగు లాగి కుండ వైపు చూపించింది. ఎలీశమ్మ నీళ్లు ముంచి తాగించి, మూతి తుడిచి, ముద్దు పెట్టుకుంది. పిల్ల వెళ్లి ఉన్నచోటే కూర్చుంది. ఒక్క మాట లేదు, ఒక్క మాటతో పనీ లేదు.

నేను ఐదు నిమిషాల్లో నోరు మూసుకున్నాను. నలభై తొమ్మిదేళ్ల మనిషిని, ఊళ్లకు ఊళ్లతో వాదించినదాన్ని. ఆ పిల్లకు రెండున్నరేళ్లు. పొద్దున లేచింది మొదలు తను అన్నదానికి జవాబు రాని ఇంట్లో రెండు నెలలుగా ఉంది. ఇంక అనడం మానేసింది. ఆ ఇంట్లో ప్రేమకు కొదవ లేదు, గుడ్డుకు కొదవ లేదు. పిల్ల అన్న మాట విని తిరిగి ఒక మాట అనే మనిషి లేదు.

సునీత చెప్పబోయింది ఇదే. "అత్తమ్మకు జర..." దగ్గర నేను ఆమెను కూర్చోబెట్టాను.

నా తప్పు ఎవరి మీదికీ తోయను. "ఇంట్లో చూసేవాళ్లు ఉన్నారా" అనే గడిలో "నాయనమ్మ ఉంది" అని రాసింది నేను. నాయనమ్మకు వినిపిస్తుందా అని అడగాలన్న ఆలోచన రాలేదు. ఊళ్లోనే వదిలిన మిగతా ఇద్దరు పిల్లలు బంగారంలా ఉన్నారు, ఎందుకంటే వాళ్ల ఇళ్లలో నోరు మూతపడని అక్కలూ చిన్నమ్మలూ ఉన్నారు. వలస పోవడం చెడ్డదా, ఉండిపోవడం మంచిదా అని నేను రెండు నెలల కింద సభ పెట్టాను. ఆ ప్రశ్నే తప్పు. కెజియ మాట్లాడితే ఎవరు బదులిస్తారు? అడగాల్సింది అది.

సైదమ్మ పెట్టిన కోర్టు

ముందు చేయాల్సింది చేశాం. పిల్లకు వినికిడి లోపం ఉందేమోనని సూర్యాపేటలో చెవుల డాక్టరుకు చూపించాం. పిల్ల చెవులు బాగున్నాయి. ఎలీశమ్మ చెవులే ఏనాడో వెళ్లిపోయాయి. మాట తగ్గిన ఏ పిల్ల విషయంలోనైనా ముందు చెవులు చూపించండి, తర్వాతే మిగతా ఆలోచన.

సునీతకు ఫోను చేసి జరిగింది చెప్పాను. "నా బిడ్డను తోల్కరాండ్రి మేడం" అంది. అంతే అంది. తిట్టి ఉంటే నాకు తేలికగా ఉండేది.

మార్చి రెండో వారంలో నేను, విజయ, ఎలీశమ్మ, కెజియ కోదాడ పోయి, అక్కడ ఖమ్మం బస్సెక్కి, ఆటో పట్టుకుని చేను చేరాం. ఆ రంగు చూసినవాళ్లకు తెలుస్తుంది. ఎకరాలకొద్దీ ఎరుపు, పక్కన కల్లంలో ఆరబోసిన ఎరుపు, మధ్య సాళ్లలో వంగిన పదిహేను మంది ఆడవాళ్లు. చేతులు ఎంత వేగంగా నడుస్తున్నాయో నోళ్లు అంతకంటే వేగంగా నడుస్తున్నాయి. ఒక సాలు నుంచి ఇంకో సాలుకు కేకలు, వదిన మీద జోకు, మరిది మీద పాట.

సునీత సాలు దాటి పరుగెత్తుకొచ్చింది. కెజియ ఆమె మెడ చుట్టి చేతులు వేసి ముఖం దాచుకుంది. మాట మాత్రం రాలేదు.

సైదమ్మ నడుము మీద చేయి వేసుకుని వచ్చింది. తలగుడ్డ విప్పి దులిపి నా వైపు చూసింది.

"పిల్లల్ని ఇడిచిపెట్టి పోండ్రి అన్న మేడం గీమెనేనానే సునీతా?"

"నేనే సైదమ్మా," అన్నాను. "తప్పు నాది. చెప్పనిస్తే సునీత ఆ రోజే చెప్పేది. నేను చెప్పనియ్యలేదు."

"ఓహో. గవర్మెంటోళ్లు గిట్ల ఒప్పుకుంటే మేం ఎవర్ని తిట్టుకోవాలె?" అని వెనక్కి తిరిగి, "ఓ అక్కలారా, మేడం తప్పైంది అంటున్నది, ఇనుండ్రి!" అని చేను మొత్తానికీ వినిపించేలా అరిచింది. "ఏం శిక్ష ఎయ్యాలె?"

"ఒక సాలు ఏరమను!" అంది ఎవరో.

ఏరాను. నవ్వకండి, అరగంటలో నా వేళ్లు మండి, కళ్లు కారి, నడుము పట్టేసింది. ఆ అరగంటలో వాళ్లు నా చేతి నిదానాన్ని, నా చీరను, నా చదువును ఉతికి ఆరేశారు. గట్టు మీద నీడలో వాళ్లమ్మ పక్కన కూర్చుని కెజియ ఈ గోల చూస్తోంది.

ఏరేటప్పుడు రంగు పోయి తెల్లబడిన కాయలను వేరు చేస్తారు. వాటిని తాలు అంటారు. కల్లంలో ఎర్రకాయల్లో ఒక్క తాలు కలిసినా మేస్త్రి గొంతు లేస్తుంది. నా బుట్ట చూసి సైదమ్మ తల కొట్టుకుంది. అందులో సగం తాలే. ఆమె ఒక తెల్లకాయ తీసి, దూరం నుంచే కెజియకు చూపించి, "ఓ కెజియమ్మా, మేడం ఏం ఏరిందో సూడు. ఇదేంది? చెప్పు బిడ్డా, ఇదేంది?" అంది.

పిల్ల చూసింది.

"తాలూ!" అని సైదమ్మే పాటలా అంది. "తాలూ! తాలూ!" అని సాళ్లలోంచి ఇంకో నలుగురు అందుకున్నారు. వాళ్ల కేకలకు చేను ఊగిపోయింది.

కెజియ లేచి నిలబడింది. చేయి చాపింది. వేలు సైదమ్మ చేతిలోని కాయ వైపు పోలేదు, నా వైపు తిరిగింది. నా తల అప్పటికే నెరిసింది. ఎండకు కొంగు జారిపోయి తెల్ల వెంట్రుకలన్నీ బయటపడి ఉన్నాయి.

"తాలు," అంది.

రెండు నెలల తర్వాత ఆ పిల్ల నోట్లోంచి వచ్చిన మొదటి మాట అది. నన్ను పనికిరాని కాయ అంది. పదిహేను మంది ఆడవాళ్లు బుట్టలు వదిలేసి కూలబడి నవ్వారు. సునీత నవ్వుతూ ఏడ్చింది. విజయ, ఎప్పుడూ నవ్వని విజయ, గట్టు మీద కూర్చుని కడుపు పట్టుకుంది. నవ్వు చూసి పిల్లకు హుషారొచ్చి మళ్లీ అంది: "తాలు! తాలు మేడం!"

నా పనికి ఇంతకంటే సరైన అంచనా ఏ ఇన్‌స్పెక్షన్‌లోనూ ఎవరూ రాయలేదు.

గెలుపు ఎవరిది

సాయంత్రానికి మాటలు ఆరయ్యాయి. మూడో రోజుకు ఇరవై అని విజయ లెక్క చెప్పింది. ఆమె ఆ మూడు రోజులూ అక్కడే ఉంది. మొదటి రోజు సాయంత్రం నేను ఊరికి బయల్దేరేముందే ఎలీశమ్మ గెలుపు ప్రకటించింది.

"నేను వస రాసినంకనే కద మాటలొచ్చినయ్!"

నేను ఆమె చెవి దగ్గరికి పోయి అరిచాను. "పదిహేను రోజులు రాశావు కదవ్వా, ఊళ్లో ఒక్క మాటైనా వచ్చిందా?"

"ఆఁ. వస నిమ్మళంగ పనిచేస్తది."

"మరి ఊళ్లో మిగతా పిల్లలకు వస లేకుండానే వచ్చాయి కదా?"

"వాళ్లకు తొందర. మా పిల్లది నిదానం."

ఇంత పకడ్బందీ వాదన మా నాన్న సభల్లో కూడా వినలేదు. ఏ ప్రశ్న వేసినా వస గెలుస్తుంది. సైదమ్మ నా భుజం తట్టి, "ఇడిసిపెట్టు మేడం, ముసలామెకు గంత సంబురమైతున్నది," అంది. వదిలేశాను, ఒక షరతు మీద: ఇక ముందు రాయకూడదు. ఇది మీకూ చెబుతున్నాను. వేర్లూ కొమ్ములూ పసిపిల్లల నోట్లో పెట్టనివ్వకండి. వస రాశాక వాంతులతో వాడిపోయిన బిడ్డలను నేను కళ్లారా చూశాను. ఇందులో మొహమాటం వద్దు. కానీ చెప్పాక ఆ అవ్వ ఇచ్చిన చాయ్ తాగండి. ఆమె మీద గెలవడానికి కాదు మనం పోయింది.

ఇంకో మాట. ఆ నవ్వులు చూసి మిరప చేను స్వర్గమని రాస్తే నేను మళ్లీ అబద్ధం చెప్పినదాన్నవుతాను. ఆ గుడిసెల్లో పిల్లలు దగ్గుతూ నిద్రపోతారు. నీళ్లు దూరం. ఏరిన చేతులతోనే తల్లి కళ్లు తుడిస్తే బిడ్డ గంటసేపు ఏడుస్తుంది. అక్కడ మాటలున్నాయి, మిగతావి లేవు. ఊళ్లో మిగతావి ఉన్నాయి, కెజియకు మాటలు లేవు. తల్లిని తిట్టడం వల్ల ఈ రెండూ ఒకచోటికి రావు. పని కోసం పోయే తల్లిని "శ్రద్ధ లేదు" అని రాసే చేతికి ఆ పొలంలో అరగంట పని ఇప్పించాలి. పన్నెండు నెలలూ ఒకే గడపలో కూర్చునే పిల్లల కోసం రిజిస్టరు గీసుకున్నది మనం. కదిలే పిల్లల వెంట కదలాల్సింది కూడా మనమే.

దారి సైదమ్మే చూపించింది. "పిల్లల్ని సూసుకునేటందుకు ఒక్కామెను పక్కకు కూసోబెడ్త. ఆమె సాలు తక్కినోళ్లం తలా ఇంత ఏరుతం. రోజొకరు కాదు, పిల్లలకు అలవాటైన మనిషే ఉండాలె. నోరున్న మనిషి." చేనుకూ కల్లానికీ దూరంగా, గాలికి ఎదురుగా ఉన్న చోట పందిరి వేశారు. ఆ చేలున్న ఊరి అంగన్‌వాడీ టీచరు దగ్గరికి పోయి మాట్లాడితే, పిల్లలు వస్తే గుడ్డు, అన్నం తప్పకుండా పెడతానంది. ఆమెకు ఈ పిల్లలు ఎవరో తెలియడానికి నేనూ విజయా ఒక పని చేశాం. ఒక్కొక్క పిల్లకు ఒక అట్ట. ముందువైపు బరువు, టీకాలు. వెనకవైపు ఆ పిల్లకు వచ్చిన మాటలు, ఆ పిల్ల పలికినట్టే. కెజియ అట్ట మీద "తాలు" మొదటిది. కొత్త టీచరు ఆ అట్ట చూసి పిల్లను పలకరిస్తే, పిల్లకు తెలిసిన మాటతోనే పలకరించినట్టు. తర్వాత మిర్యాలగూడ బట్టీల్లో ఒడియా మాటలతో ఇవే రాశాం, తల్లులను అడిగి తెలుగు అక్షరాల్లో. దామరచర్లలో కట్టడం పనికి వచ్చిన కుటుంబాల పిల్లలకూ రాశాం. పెద్దమేడం ఒక అట్ట అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది మంచిగుంది. వాదన ఎప్పుడు మానేసినవ్?" అంది. మానలేదని చెప్పాను. ముందు వింటున్నానని చెప్పాను.

బండిలో

మరుసటి ఏడు మళ్లీ తల్లుల మీటింగు పెట్టాను. నిరుడు నేను చెప్పింది ఎక్కడ తప్పో అందరి ముందూ చెప్పాను. ఇంటింటికీ ఒకే తీర్పు లేదన్నాను. ఇంట్లో పిల్లతో మాట్లాడే మనిషి ఉంటే వదిలిపోవచ్చు. లేకపోతే తీసుకుపోవాలి, పందిరి, గుడ్డు, టీకా అక్కడ దొరికేలా చూసే పూచీ నాది. సునీత లేచి, "ఈపాలి నేను అడుగకముందే చెప్పినవ్ మేడం," అంది. అందరూ నవ్వారు. ఈసారి నా మీద.

బయల్దేరే రోజు పొద్దున విజయతో కలిసి ట్రాలీ ఆటో దగ్గరికి పోయాను. మూటలు, గిన్నెలు, తట్టలు, వాటి మధ్య ముఠా. తల్లి ఒళ్లో కెజియ. మూడున్నరేళ్లు. మాట తిరిగొచ్చినప్పటి నుంచీ ఆ నోరు ఆగలేదు.

"మేడం, నువ్వెందుకు ఎక్కవ్?"

"నాకు ఇక్కడ పనుంది."

"ఏం పని?"

"పిల్లల్ని చూసే పని."

"పిల్లలం మేం పోతున్నం కద?"

కోదాడ దాకా వస్తానని చెప్పి, విజయతో పాటు ఎక్కాను. నాకు చోటివ్వడానికి సైదమ్మ ఒక మూట మీదికి జరిగింది.

హైవే ఎక్కామో లేదో కెజియ మొదలుపెట్టింది. ఆ లారీకి అన్ని చక్రాలెందుకు? ధాబాలో మంచాలు బయటెందుకు వేసిండ్రు? వాళ్లకు ఇల్లు లేదా? మిరపకాయకు కోపమెందుకు? నాయినమ్మను ఎందుకు తోల్కరాలే? గాలి యాడికి పోతున్నది? సునీత రెండింటికి చెప్పి అలసిపోయింది. విజయ ఒకదానికి చెప్పింది. కాలువ దాటేసరికి సైదమ్మ రెండు చేతులతో చెవులు మూసుకుని, ఆటో ఇంజను కంటే గట్టిగా అరిచింది:

"ఓ అమ్మా, గీ పిల్లకు ఎవరన్న జవాబు చెప్పుండ్రే!"

బండిలో ఉన్నవాళ్లమంతా ఒక్కసారే చెప్పడం మొదలుపెట్టాం.